దిబ్బకోడి పిలుపు

మొన్న పెద్దల అమావాస్యనాడు నంద్యాలలో మా మనవడి ఇంటి మిద్దె మీద కాకి కోసం గంటన్నర నిలబడ్డాం. అరిటాకు పరిచి అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, వడలు, బెల్లం పూర్ణం పెట్టిన బక్షాలు అన్నీ వడ్డించి, ఇంటిల్లిపాదీ మెడలెత్తి ఆకాశం కేసి చూశాం. పావురాలు వచ్చాయి. మనవడి పెళ్లాం వాటిని చున్నీతో తోలింది. కాకి మాత్రం రాలేదు. ఊరంతా ఒకే రోజు ఆకులు వేసుకుని పిలుస్తుంటే ఉన్న నాలుగు కాకులు ఎవరింటికని పోతాయి పాపం? చివరికి మనవడి కూతురు, ఏడేళ్ల పిల్ల, వాళ్లమ్మ సెల్‌ఫోను తెచ్చి అందులో కాకి అరుపు పెట్టింది. ఫోను కావు కావుమంది. అందరూ పడీ పడీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు జల్లుమని పిట్టగోడ పట్టుకున్నాను. "జేజికి ఎండ తగిలినట్టుంది, కిందికి తీసకపోండి" అన్నాడు మనవడు నన్ను చూపించి. ఎండా కాదు, ఏమీ కాదు. నోటితో కాకుల్ని పిలిచిన మనిషిని నేను ఒకణ్ణి ఎరుగుదును. ఆ సంగతి మీద ఎనభై ఏళ్లకు దగ్గరగా నోరు మూసుకుని ఉన్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. మా నాయనకు ప్యాపిలిలో కొట్టు. అమ్మ పురిటికి పోతూ నన్ను తెచ్చి మా ఊళ్లో జేజి దగ్గర వదిలింది. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ దారిలో పోతే మా ఊరు. జేజి అంటే మా నాయన తల్లి. ఆమె నోటికి ఊళ్లో కుక్కలు కూడా తప్పుకుని పోయేవని చెప్పుకునేవారు. నన్ను చూడగానే, "ఏం మే, మీయమ్మ తిండి పెట్టకుండా పంపించిందా, ఎముకలు లెక్కబెట్టొచ్చు" అని, ఆ నోటితోనే జొన్నసంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి పెట్టేది. ఊరిబిండి, అదే రోటి పచ్చడి, నూరితే రోలు కడగకముందే ఆ రోట్లో సంగటి వేసి నా చేత తుడిపించేది. నెలకల్లా నా బుగ్గలు బూరెలయ్యాయి.

ఇల్లు మట్టి మిద్దె. పైకెక్కడానికి చెక్క నిచ్చెన. వెనక పెరడు, పెరట్లో దిబ్బ. దిబ్బ అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. పేడ, బూడిద, ఊడ్చిన కసువు, గొడ్లు తినగా మిగిలిన చొప్ప అన్నీ తెచ్చి పోసే ఎరువు కుప్ప. వాన వెలిసిన పొద్దున దాని మీంచి ఆవిరి లేచేది. పుల్లటి, వెచ్చటి వాసన. ఎన్ని అత్తర్లు పూసినా నా ముక్కులోంచి ఆ వాసన పోలేదు. దిబ్బ వెనక ముళ్లకంప, కంప అవతల మా కొర్ర చేను.

ఆ ఇంట్లో జేజి తర్వాత మా చిన్నాయన, చిన్నమ్మ. చిన్నమ్మకు అప్పటికి ఇరవై నిండాయేమో. ఆమె దగ్గర పసుపు, పొయ్యి పొగ కలిసిన వాసన వచ్చేది. నాకు తల దువ్వుతూ దువ్వుతూ ఎక్కడో చూస్తూ ఆగిపోయేది. అప్పటికే రెండు కాన్పులయ్యాయి. ఇద్దరు పిల్లలూ పుట్టి కళ్లు తెరవలేదు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడు కడుపులో బిడ్డ తన్నితే నా వీపుకు తెలిసేది.

చిన్నమ్మ పరాయింటి పిల్ల కాదు. జేజికి సొంత తమ్ముడి కూతురు. ఆ తమ్ముడు చిన్నమ్మ రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఏదో దూరదేశంలో పోయాడని అందరికీ చెప్పారు. తర్వాత తల్లీ పోతే జేజి పిల్లను తెచ్చుకుని పెంచి, మేనరికమని తన చిన్నకొడుక్కే చేసుకుంది. పెద్దల అమావాస్య వస్తే చిన్నమ్మ మిద్దె మీద తండ్రి పేర ఆకు వేసేది. ముఖమైనా గుర్తులేని తండ్రికి అంత శ్రద్ధగా బక్షాలు కాల్చిన కూతురిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ శ్రావణంలో కొర్ర వెన్ను వేస్తున్నప్పుడు పిట్టల కాపలాకు జేజి ఒక మనిషిని పెట్టింది. ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలీదు. ఎముకల మీద నల్లటి తోలు, తెల్లటి గడ్డం, చీలమండల దగ్గర చుట్టూ కమిలిన మచ్చలు. చిన్నాయన చూసి, "ఈ ముసలాయప్ప వడిసెల తిప్పగలడా మా?" అని వాళ్లమ్మను అడిగాడు. "నువ్వు తిప్పినావులే! పెట్టినాను గదా, గమ్మునుండు" అంది జేజి. జేజి అంతకంటే వివరం చెప్పే మనిషి కాదు.

ఆయనకు మధ్యాహ్నం సంగటి తీసుకుపోవడం నా పని. నేను మంచె తాత అనేదాన్ని. మంచె మీద వడిసెల ఉండేది, పక్కన రాళ్లూ ఉండేవి, కాని ఆయన ఒక్క రాయీ విసరలేదు. చేను మీదికి పిట్టలు దిగగానే రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టి గద్ద కూత కూసేవాడు. అంతే, పిచ్చుకలు, చిలకలు, కాకులు, అన్నీ ఒక్కసారిగా లేచి కాలవ దాటిపోయేవి. మొదటిసారి విన్నప్పుడు నేనే గంప నెత్తిన పెట్టుకుని మంచె కిందికి దూరాను. "నిన్నెత్తకపోదులే పాపా, బరువెక్కినావు" అని నవ్వాడు. పళ్లు సగం లేవు.

ఆ మంచె మీదే నాకు దిబ్బకోడి సంగతి చెప్పాడు.

"యాడుంటాది తాతా ఆ కోడి?"

"దీవిలో పాపా. సముద్రం నడుమ."

"దీవంటే ఏంది?"

"నీళ్ల నడుమ దిబ్బ" అన్నాడు.

నేను సముద్రం చూసినదాన్ని కాదు. నాకు తెలిసిన దిబ్బ మా పెరట్లోదే. కుందేరుకు వరదొచ్చి, నడుమ మా దిబ్బ ఆవిరి కక్కుతూ నిలబడి, దాని మీద ఒక కోడి తిరుగుతూ ఉన్నట్టు అనుకున్నాను. పెద్దయ్యాక పటంలో ఆ దీవుల్ని చూసినా నాకు ఆ బొమ్మే కనిపిస్తుంది.

అది మన కోడంత ఉంటుందట. గోధుమ రంగు ఒళ్లు, బూడిద రంగు తల, ముఖం మీద ఎర్రటి తోలు. కాళ్లు మాత్రం దాని ఒంటికి మించినవట. సముద్రపు ఒడ్డునే, ఇసుక అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుందట. ఎగరడం తక్కువ, మనిషి అలికిడైతే పొదల్లోకి ఉరుకుతుంది. రాలిన ఆకుల్ని కాళ్లతో వెనక్కి తన్నుతూ పురుగులు, నత్తలు, గింజలు ఏరుకుని తింటుంది.

"అది పొదగదు పాపా. ఆడదీ మొగదీ కలిసి ఇసకా, గవ్వలూ, మన్నూ, ఆకూ అలమూ అంతా కాళ్లతో ఎగదోసి దిబ్బ చేస్తాయి. మీ జేజి కంటే ఎత్తు. దాంట్లో గుంత తవ్వి గుడ్డు పెట్టి పూడ్చేస్తాది. ఆకు కుళ్లిన ఏడికే గుడ్డు పిల్లయితాది."

"మరి పిల్లను సాకేదెవరు?"

"ఎవరూ సాకరు. అదే మన్ను తోసుకుంటా పైకొస్తాది. రోజు పట్టొచ్చు, రెండ్రోజులు పట్టొచ్చు. వచ్చినంక అమ్మ యాడని ఎతకదు, ఉరుకుతాది. ఆ దినమే ఎగరను గూడా ఎగుర్తాది. అమ్మ ఎదురొచ్చినా ఎవరో ఏమోనని పక్కకు పోతాది."

"వాళ్ల నాయన?"

ఆయన సంగటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "నాయన దిబ్బ కాస్తాడు పాపా. ముక్కు మన్నులో పెట్టి ఏడి చూస్తాంటాడు. ఎక్కువైతే మన్ను తీస్తాడు, తక్కువైతే ఏస్తాడు. అంతే ఆయప్ప పని. పిల్ల మొగం చూసేది ఆయప్పకు రాసిపెట్టిలేదు."

యుద్ధం రోజుల్లో జపానోళ్లు ఆయన్ని ఇంకా కొందరితో కలిపి పనికని ఓడలో ఆ దీవికి తీసుకుపోయారట. తిండి లేక ఆ దిబ్బలు తవ్వి గుడ్లు తిని బతికాడట. అరచెయ్యి నిండే గుడ్డు, లేత ఎరుపు. "కొన్నిట్లో పిల్ల అయిపోయుండేది. అయినా తిన్న్యా. ఆకలికి కండ్లుండవు" అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు చేతులు పంచెకు తుడుచుకున్నాడు, ఇప్పుడే తిన్నట్టు.

ఆ పక్షి కూత కూడా నేర్పాడు. అది ఒక్కటే కూసేది కాదు. జంటలో ఒకటి "కియౌ... కియౌ..." అని పిలుస్తుంది, రెండోది వెంటనే "కొక్ కొక్ కొక్" అని అందుకుంటుంది. పొదల్లో ఒకదానికొకటి కనబడవు కనుక అదే వాటి క్షేమసమాచారం. ఆయన పిలిచేవాడు, నేను పలికేదాన్ని. చేను ఈ చివర నుంచి ఆ చివరకు అట్లా ఆడుకునేవాళ్లం.

"పలక్కపోతే ఏమైతాది తాతా?"

"ఇంగ లేదని అనుకోని పిలిచినది దాని దావన అది పోతాది."

నాకు బుద్ధి ఉంటే వినేసి ఊరుకోవాలి. నేను జేజి పొదిగించడానికి పెట్టిన గుడ్లలోంచి నాలుగు గుడ్లు కాజేసి మా దిబ్బలో పూడ్చాను. కోడి పని దిబ్బ చేయగలదని తెలిశాక ఊరికే ఎందుకు వదులుతాను? పొద్దున్నే ఎవరూ లేనప్పుడు దిబ్బలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వేడి చూసేదాన్ని. తక్కువనిపిస్తే పచ్చి పేడ, ఎక్కువనిపిస్తే బూడిద. చేతికి వాసన పట్టింది. "బువ్వ తినే చెయ్యేనా మే అది?" అని చిన్నమ్మ కుంకుడు నురగతో రుద్ది రుద్ది కడిగేది. గుడ్లు తక్కువయ్యాయని జేజి మూడు రోజులు ఊళ్లో ముంగిసలన్నిటినీ పేరుపేరునా తిట్టింది.

పదిహేను రోజులయ్యాక లోపల వేడి మరీ ఎక్కువైనట్టు తోచి మంచె తాతను అడుగుదామని పోయాను. మంచె కింద మాటలు వినబడ్డాయి. జేజి ఎప్పుడూ చేనికి రాదు. ఆ రోజు నెత్తిన కొంగు వేసుకుని గట్టు మీద కూర్చుంది. ఆయన ఆమె కాళ్ల దగ్గర నేల మీద ఉన్నాడు. నేను కొర్ర చాళ్ల మధ్య కూర్చుండిపోయాను.

"నెలాయె గదక్కా నేనొచ్చి. ఇంగ ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లని నన్నడిగితే? నేను రమ్మన్నానా నిన్ను?" అంది జేజి. తర్వాత ఆమె గొంతు మారింది. నేను ఎన్నడూ వినని గొంతు. "నువ్వు సచ్చిపోతివని పిల్లకు చెప్పినా. అది నీకు ఏటేటా ఆకేసి పెడ్తాంది. ఇప్పుడు పోయి, అదిగో మీ నాయన, మంచె మింద కూచోనుండాడని చెప్పల్నా?"

"నాకేం వద్దక్కా. ఒక్కసారి నాయనా అని పిలిపించుకుంటే సాలు. రెండేండ్ల పిల్లప్పుడు విన్న్యా. ఆ పిలుపు కోసరమే ఆడ సావకుండా బతికినా."

"వాళ్లు ఊరుకుంటారా? ఆ సచ్చినోని కొడుకులకు మీసాలొచ్చినాయి. సంతకు ఈ దావనే పోతాండారు. నువ్వు తిరిగొచ్చినావని తెలిస్తే రేపే మీదికొస్తారు. నా కొడుకు సూస్తా నిలబడ్తాడా? వానిది ఉడుకు రక్తం. ఏడో నెల పిల్లకు మొగుడు గావాల్నా, నాయన గావాల్నా? నువ్వే చెప్పు."

ఆయన మట్టిపెళ్ల తీసుకుని చేతిలో పొడి చేస్తూ కూర్చున్నాడు.

తర్వాత చాలా ఏళ్లకు జేజి నాకు మిగతా కథ చెప్పింది. అహోబిలం దారిలో ఉన్న వాళ్ల పుట్టినూళ్లో గట్టు తగాదా. ఎదుటివాడి తల మీద కట్టెతో ఒక్కటే దెబ్బ. వాడు మళ్లీ లేవలేదు. ఈయన్ని ఓడెక్కించి అండమాను జైలుకు పంపారు. యుద్ధంలో జపానోళ్లు ఓడిపోయాక అక్కడి ఖైదీల్ని వదిలిపెడితే తిరిగొచ్చాడు. ఖూనీ చేసినవాడి కూతురని పిల్లను ఎవరూ అనకూడదని జేజి తమ్ముణ్ణి తన నోటితోనే చంపేసింది.

ఆ రోజు చాళ్ల మధ్య నా కాలి కింద పుల్ల విరిగింది. జేజి వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది.

"ఏం విన్న్యావు?"

"అంతా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "చిన్నమ్మ కడుపు మీద ఒట్టెయ్యి. ఎవరికీ చెప్పనని" అంది. నేను వేశాను. ఒట్టు తప్పితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. నా వీపుకు తగిలిన ఆ చిన్న తాపు నాకు తెలుసు.

ఇరవయ్యొకటో రోజు దిబ్బ తవ్వాను. మూడు గుడ్లు మురిగిపోయాయి, కంపు. నాలుగోది బరువుగా ఉంది. పెంకు గోటితో తీస్తే లోపల పిల్ల ఉంది. ముక్కు, గోళ్లు, తడిసిన నూగు, అన్నీ ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉంది. దిబ్బ వేడికి ఒళ్లు వెచ్చగానే ఉంది, కాని కదల్లేదు. ఊపిరి ఊదాను. అప్పుడే చిన్నమ్మ కసువు గంప పట్టుకుని వచ్చి నా భుజం మీదుగా చూసింది.

గంప జారిపోయింది. కడుపు రెండు చేతులా పట్టుకుని అక్కడే కూలబడింది. "మూసిన కండ్లు మూసినట్లే" అంది. "నాకూ ఇంతే. ఈసారీ ఇంతే."

ఆ రోజు నుంచి ఆమె సరిగ్గా తినలేదు. గోడకు ఆనుకుని ఒకే మాట అనేది. "మా నాయనకు నా మింద యాదో కోపముంది. పోయినేడు గూడా కాకి శానాసేపు ముట్టలే. ఈసారి ముట్టకపోతే ఈ బిడ్డా నాకు దక్కదు." చచ్చినవాళ్ల కోరిక తీరకపోతే కాకి ముట్టదని మా వైపు గట్టి నమ్మకం. చిన్నాయన నచ్చజెప్పాడు. జేజి తిట్టింది, బతిమాలింది. చిన్నమ్మ బిడ్డ బతుకంతా ఆ అమావాస్యనాటి కాకి ముక్కు మీద పెట్టేసింది. ఇదంతా నేను పూడ్చిన గుడ్డు వల్ల వచ్చిందని నాకు తెలుసు.

మంచె తాతకు చెప్పి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "దీవి మాట దీవిలోనే ఉండాల పాపా. ఈడ చెప్పి తప్పు చేసినా" అన్నాడు. తర్వాత మంచె దిగి ముళ్లకంప దాకా నడిచి, అక్కడ నిలబడి మా ఇంటి వైపు చూసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నడిచిన దూరం ఎంతో లేదు. ఊపిరి మాత్రం కొండెక్కి దిగినట్టు తీస్తున్నాడు.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే ఇల్లంతా శనగపప్పు ఉడికిన వాసన, నెయ్యి వాసన. చిన్నమ్మ అంత నీరసంలోనూ తలకు పోసుకుని, బక్షాలన్నీ తనే కాల్చింది. ఎవరినీ పెనం దగ్గరికి రానివ్వలేదు. కొత్త పంచె ఒకటి పసుపు పెట్టి ఆకు పక్కన ఉంచింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరూ మిద్దె మీద ఉన్నారు.

కాకి రాలేదు. చిన్నాయన నీళ్లు చల్లి పిలిచాడు. రాలేదు. అరగంటయింది, గంటయింది. ఈగలు ముసురుతున్నాయి. చిన్నమ్మ ముఖంలో రక్తం లేదు. ఊళ్లో వేరే మిద్దెల మీద కాకులు వాలడం మాకు కనబడుతూనే ఉంది. మా దిక్కుకు ఒక్కటీ తిరగలేదు.

ఎందుకో నాకు చప్పున తట్టింది. నెల మించి ఆయన మా చేని మీద గద్ద కూత కూస్తున్నాడు. కాకులు మా ఇంటి దిక్కే మానుకున్నాయి. నిచ్చెన దిగి కంప సందులోంచి దూరి పరుగెత్తాను. "తాతా, కాకి ముట్టలే! నీ గద్దకు బయపడి రాలే! చిన్నమ్మ సచ్చిపోతాది!"

ఆయన మంచె మీంచి దూకినంత పని చేశాడు. నా వెనకే వచ్చి దిబ్బ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మిద్దె మీది మనుషులు మాకు కనబడరు. మాటలు మాత్రం స్పష్టంగా వినబడుతున్నాయి.

"మామా, పుట్టేది మొగపిల్లోడైతే నీ పేరే పెడ్తాం. ముట్టు మామా" అంటున్నాడు చిన్నాయన.

జేజి గొంతు వినబడలేదు. ఆమె ఏమని బతిమాలుతుంది?

తర్వాత చిన్నమ్మ. మొదట నెమ్మదిగా, తర్వాత గొంతు పగిలేటట్టు. "నాయనా! నేనేం తప్పు చేసినా నాయనా? నీ మొగం గూడా నాకు తెలీదే. ఈ బిడ్డనన్నా బతకనియ్యి నాయనా. ఒక్క మెతుకు ముట్టు. నాయనా... నాయనా..."

పిలిచినప్పుడల్లా ఆయన ఒళ్లు ఉలిక్కిపడింది. నోరు తెరిచాడు. "అ..." అని సగం శబ్దం వచ్చింది కూడా. ఇంకొక్క క్షణం ఆగితే "అమ్మా" అని పలికేసేవాడే. అరచేత్తో నోరు మూసుకున్నాడు. కళ్లనీళ్లు ఆ వేళ్ల మీంచి గడ్డంలోకి కారాయి. నా వైపు తిరిగి, "కోరిక తీరితేనే కాకి ముడ్తాది పాపా. తీరింది" అన్నాడు.

అప్పుడు రెండు చేతులూ దొప్పలా పెట్టి కాకిపిల్ల అరుపు అరిచాడు. గూట్లోంచి పడిన పిల్ల తల్లి కోసం అరిచే అరుపు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కాలవ గట్టు వేపచెట్ల మీంచి కాకులు లేచాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఆకాశమంతా అరుస్తూ వచ్చాయి. పిల్ల కనబడక మిద్దె చుట్టూ తిరిగాయి. తిరిగి తిరిగి ఒకటి ఆకు మీద వాలింది.

"ముట్టింది! ముట్టింది!" అని చిన్నాయన కేక పెట్టాడు. చిన్నమ్మ ఏడుపూ నవ్వూ కలిసి వినబడ్డాయి. అందరూ కాకుల్ని చూస్తుంటే ఒక్క జేజి మాత్రం పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది. తమ్ముడు పైకి చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. బతికున్న మనిషి తన ఆకు తనే కాకులకు అప్పజెప్పడం ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

కాసేపటికి జేజి ఇంకో ఆకులో అన్నీ వడ్డించుకుని కొత్త పంచెతో సహా దిబ్బ దగ్గరికి వచ్చింది. ఆయన లేడు. నేను గుడ్ల కోసం తవ్విన గుంత మాత్రం పూడ్చి ఉంది, పైన అరచేతితో సాపు చేసిన గుర్తులతో. జేజి ఆ ఆకు దిబ్బ మీదే పెట్టి చాలాసేపు నిలబడింది.

పొద్దు గూకే వేళ పెరట్లో చాప వేసుకుని తింటున్నాం. చిన్నమ్మ ఎన్నాళ్లకో కడుపు నిండా తింటోంది, బక్షం మీద ఇంకా నెయ్యి వేయమని అడిగింది కూడా. అప్పుడు చేని అవతల, కాలవ గట్టు మీంచి వినబడింది. "కియౌ... కియౌ..."

ఆగింది. పలకడానికి విడిచిపెట్టినంత సేపు ఆగింది.

నా గొంతులోకి "కొక్ కొక్" అని వచ్చేసింది. జేజి చెయ్యి నా మణికట్టు మీద పడి బిగిసింది. ఆమె నా వైపు చూడలేదు. మళ్లీ వినబడింది. మళ్లీ ఆగింది.

"అదేం పిట్టే పాపా? ఎప్పుడూ ఇనలే" అంది చిన్నమ్మ తల తిప్పి వింటూ.

మూడోసారి పిలిచాడు. ఈసారి దూరం నుంచి.

"నాకు తెలీదు చిన్నమ్మా" అన్నాను.

నాలుగోసారి పిలుపు రాలేదు. ఎవరూ పలక్కపోతే ఇంక లేరని అనుకుని దాని దారిన అది పోతుందని నాకు ఆయనే చెప్పాడు. ఆయన మళ్లీ మాకెవరికీ కనబడలేదు. ఎక్కడ బతికాడో, ఎక్కడ పోయాడో, ఆయనకు ఆకు వేయడానికి నిజమైన తిథి ఏదో, ఏదీ తెలియదు.

చిన్నమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. పుడుతూనే వీధి చివరకు వినబడేటట్టు ఏడ్చాడు. తాత పేరే పెట్టారు. చిన్నమ్మ ఎనభై దాటి బతికింది. ఏ పెళ్లిలో కలిసినా, ఏ చావులో కలిసినా, ఆ ఏట కాకులు గుంపుగా వచ్చి వాళ్ల నాయన ఆకు ముట్టిన కథ చెప్పేది. "మా నాయనకు నేనంటే ఎంత ప్రేమో సూడే" అని నన్ను సాక్ష్యం అడిగేది. నేను తల ఊపేదాన్ని. బిడ్డ పుట్టాక చెప్పొచ్చు, జేజి పోయాక చెప్పొచ్చు, ఆ పగలన్నీ చల్లారాక చెప్పొచ్చు. అంత ప్రేమగా చెప్పుకునే కథను చెడగొట్టడానికి మనసు రాలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు ధైర్యం లేకపోయింది. "నువ్వు పిట్టన్నది మీ నాయననే, నేను పలక్కుండా పంపించినా" అని ఏ ముఖంతో చెప్తాను?

మొన్న మిద్దె మీద ఫోను కాకి కూతకు నిజం కాకి ఎంతకూ రాలేదు. విసుగెత్తి అందరూ ఆకలేస్తోందని కిందికి దిగారు. నేను దిగనన్నాను. మనవడి కూతుర్ని నాకు తోడు ఉంచారు. ఒట్టు వేయించుకున్న జేజి లేదు. ఏ కడుపు మీద వేశానో ఆ కడుపు పండి, ఆ బిడ్డ కూడా ముసలివాడై కాలం చేశాడు. అహోబిలం వైపు కొండలు ఎక్కడో పొగలో ఉన్నాయి. ఆ దిక్కు తిరిగి, చేతులు దొప్పలా పెట్టుకుని, "కొక్ కొక్ కొక్" అన్నాను. గొంతు జీరబోయింది. మళ్లీ అన్నాను.

పిల్ల ఫోను పక్కన పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"అదేం పిట్ట జేజీ?"

"పిట్ట కాదు పాపా. మా చిన్నమ్మ వాళ్ల నాయన. పిలిచినాడు, పలుకుతాండా."